నీటిగీత

తురాగ్ మీద ఈ వేళప్పుడు మా పడవ కనిపించదు.
ముందు మూరెడు ముక్కు, వెనక రేకుల గది,
మధ్యలో ఇసక దిబ్బ ఒకటి
తనంతట తానే ఢాకాకి నడిచొస్తున్నట్టు.

నిండా ఎత్తితే ఇంతే.
డెక్కు మీద చీలమండల దాకా నది.
వంటకుర్రాడు లిటన్ కూచున్న చోటే
ఆ నల్లనీళ్లలో గిన్నెలు తోమేస్తాడు.
చెప్పులు ఇంజను గదిలో మేకుకి వేలాడుతుంటాయి.
వాటిలో ఒకటి నాది కాదు.

చుక్కాని సొబ్దుల్ కాకాది.
పెద్ద లాంచీ ఎదురొస్తే
నోట్లో బీడీ తీసి చెవి మీద పెట్టుకుంటాడు.
దాని అల ఇసక మీదికెక్కి దిగేదాకా
ముగ్గురం మాట్లాడం.
రాత్రి నడపకూడదని రూలు,
పగలు గిట్టదని యజమాని.
పోయినేడు కేరానీగంజ్ దగ్గర
మా వెనకాలే వస్తున్న దీపం
ఒక్క అలకి ఆరిపోయింది.
దీపం అంటున్నాను గానీ, నలుగురు మనుషులు.

గాబ్‌తలి రేవులో పలక వేశారు.
ముందు కోహినూర్, వెనక పదకొండుమంది ఆడవాళ్లు.
తట్టకో రేకు టోకెను.
కొంగున కడితే లెక్క తప్పుతుందని
ఆవిడ బుగ్గన పెట్టుకుంటుంది.
అందుకే మధ్యాహ్నం దాకా
కళ్లతోనే తిడుతుంది.

ఇవాళ ఇసక నడుము దాకా దిగాక పార ఖంగుమంది.
ఇత్తడి గడియ.
తలుపు లేదు, గుమ్మం లేదు,
సగం తెరిచిన గడియ.
ఏ ఒడ్డు విరిగిందో.
కాకా లుంగీకి తుడిచాడు.
ఒకసారి వేశాడు, ఒకసారి తీశాడు.
మేఘ్నా వాళ్ల ఇంటిని మూడుసార్లు తిన్నదని
ఆయన ఎప్పుడూ చెప్పలేదు, లిటన్ చెప్పాడు.
మళ్లీ ఇసకలోకే విసిరితే
కోహినూర్ తట్టలో పడింది.

ఆవిడ ఆగింది.
బుగ్గలో టోకెన్లు అరచేతిలోకి ఊసి
"దీనికి వేరే ఇస్తారా?" అంది.
సర్దారు నవ్వాడు.
తట్ట పలకెక్కి ఒడ్డుకి పోయింది,
గడియ కూడా ఇసక లెక్కలోనే.

సాయంత్రానికి పడవ లేచి నిలబడింది.
రెండు మనుషులెత్తు తుప్పు, పాచి, ఎప్పటిదో ఎర్ర రంగు.
మాది ఇంత పెద్ద పడవా అని రోజూ అనిపిస్తుంది.
ఇక చెంబెడు నీళ్లకి కూడా బకెట్టుకి తాడు కట్టాలి.
లిటన్ తాడు వెతుకుతున్నాడు.
నేను చెప్పులు తొడుక్కున్నాను.
ఒకటి కొంచెం బిగువు.