రాగి లేని చోటు

మొదటి బోర్డు మాట నాలుగడుగులు కూడా దాటలేదు.
ఆకివీడులో మా మిక్సీ రిపేర్ల కొట్టు వెనక
ట్యూబ్‌లైటు కింద దాన్ని తిప్పి తిప్పి చూశాను.
తపాలాబిళ్లంత బ్లూటూత్ ముక్క,
దాని కొసన మెలికలు మెలికలుగా యాంటెన్నా,
ఆ మెలికల కిందే నేను పరిచిన రాగి.
గట్టుని కూడా గీకి నాటేసే రైతులా
చివరంటా పరిచేశాను.

కాగితంలో రాసే ఉంది, ఇక్కడ ఏమీ ఉండకూడదని.
రాగి వద్దు, స్క్రూ వద్దు, బ్యాటరీ దరిదాపుల్లో వద్దు.
చదివాను. నమ్మలేదు.
జానెడు గట్టుకి కోర్టు మెట్లెక్కే ఊళ్లో పుట్టి
ఖాళీని ఎలా నమ్మను?

రెండో బోర్డుకి ఆ అంచు బీడుగా వదిలాను.
గట్టు ఈ కొసన మాట ఆ కొసకి వినపడింది.

ఆ సంబరం ఏరేటర్లు వేసేదాకానే.
రెండేసి హార్స్‌పవర్లవి నాలుగూ ఒక్కసారే లేచేసరికి
కరెంటు గుటక మింగింది.
మూడు పాయింటు మూడు వోల్టులు రెండు కిందికి జారి
ముక్క స్పృహ తప్పింది.
తేరుకుని మళ్లీ మొదట్నుంచి
తన పేరు తాను చెప్పుకోవడం మొదలెట్టింది,
చెప్పాల్సిన అంకె మర్చిపోయి.

కెపాసిటర్ పెట్టలేదా అంటే, పెట్టాను,
బోర్డు ఆ మూలెక్కడో.
దాహమన్న పిల్లాణ్ణి కాలవ దాకా పొమ్మన్నట్టు.
ఈసారి పిన్నుని ఆనుకునే
చెంబంత ఒకటి, ఉగ్గుగిన్నెంత ఒకటి.

"వాన పడుద్దమ్మా" అని చెరువు కాపలా ఏసుపాదం
నా బోర్డుని స్టీలు క్యారేజీలో పెట్టి మూత బిగించాడు.
అంతే, మూగ.
వారం రోజులు నేను చదివిన పాఠం
ఆయన ఒక్క మూతతో చెప్పేశాడు.
నవ్వాలో ఏడవాలో తెలియక
రొయ్యల మందు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగి తెచ్చాను.

ఉప్పుటేటి గాలికి అతుకులు పచ్చబడతాయని
మా వదిన గోళ్లరంగు పూశాను, ఎర్రది,
యాంటెన్నా మీద చుక్క పడకుండా ఊపిరి బిగబట్టి.
నీరు మాటని తాగేస్తుందని
మనిషెత్తు సరివి కర్రకి కట్టాను.
ఇంకేం మిగిలిందో తెలియదు. ఏదో మిగిలే ఉంటుంది.

తెల్లవారుజాము మూడున్నర.
పాకలో ఏసుపాదం తలకింద ఫోను కూసింది.
ఆక్సిజన్ మూడుకి దిగిందట.
ఆయన ఫోను చూశాడు,
గట్టు దిగి నీళ్లలో చెయ్యి పెట్టాడు,
టార్చి వేసి అంచునున్న రొయ్యల్ని చూశాడు,
అప్పుడు గాని మీట నొక్కలేదు.

నాలుగు ఏరేటర్లూ లేచాయి.
కర్ర మీద చిన్న నీలం దీపం
ఒక్కసారి కళ్లార్పి, నిలబడింది.

"పర్లేదే, నీ బొమ్మ" అన్నాడు, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.
నేను దీపాన్ని చూడటం లేదు.
డబ్బా లోపల ఆ గోరంత బీడునే తలుచుకుంటున్నాను,
నా చేత్తో నేను ఏమీ వెయ్యని చోటు.