రెండు రోజులు నాయనవి

రాంనగర్ చేపల మార్కెట్ల
మా నాయన ఐసు కొడ్తడు.
తెల్లారగట్ల మూడింటికి లారీ దించి
రంపపుపొట్టు అంటిన దిమ్మెలను
సుత్తెతోని పలగ్గొడ్తడు.
పొద్దెక్కేసరికి ఆ వేళ్లు ఆయనవి గావు,
చాయ్ గ్లాసు కాలేది సుత తెలువది.

మా అమ్మది నల్లకుంటల ఇస్త్రీ బండి.
బొగ్గుల పెట్టె ఐదు కిలోలు.
మోచేతి కింద మూడు పాత మచ్చలు,
చిన్నప్పుడు వాటిని తడుముకుంట నిద్రపోయేదాన్ని.

ఖోఖోల మలుపు తిరగవోయి
నా చీలమండ బెణికిన సాయంత్రం
ఇంట్ల పంచాది మొదలైంది.
"ఉప్పు మూట గట్టి కాపడం పెడ్త" అని అమ్మ.
"వాపు మీద నిప్పులా? ఐసు పెట్టు" అని నాయన.
ఎవరి చేతికి తెలిసింది వాళ్లు చెప్పిన్రు.
నడుమ, సొరకాయంత నా కాలు.

బస్తీ దవాఖానల సలోమి సిస్టర్
నొక్కి చూసి, నవ్వి, తీర్పు చెప్పింది:
మొదటి రెండు రోజులు మీ నాయనవి.
వాపు దిగినంక మీ అమ్మవి.
ఉత్త ఐసు తోలుకు తగలొద్దు, గుడ్డల చుట్టాలె,
పావుగంట దాటొద్దు,
కాలు దిండు మీదనే ఉండాలె.

నాయన తువ్వాల నిండ మార్కెట్ వాసన.
రెండు రోజులు నా కాలు
అమ్మకానికి పెట్టిన కొర్రమీను.
మూడోనాటికి వాపు గుంజింది.
అమ్మ పాత పంచె ముక్కను పెట్టె మీద కాచి
ముందుగాల తన చెంపకు ఆనించి చూసుకొని
నాకు చుట్టింది.
ఎవరిదో చొక్కా ముడుతల లెక్క
నొప్పి ఒక్కొక్క గీత సాపైంది.

గెలిచిందెవరని నేనడగలే.

దసరా ముందట, గిరాకీ మీదున్న నాడు
పెట్టె మూత జారి
అమ్మ కుడి అరచెయ్యి కాలింది.
నాయన సంచిల ఐసేసుకొని ఉరికొచ్చిండు.
"కాలినదానికి ఐసు వద్దు నాయనా,
సల్లటి నీళ్లే, ఇరవై నిమిషాలు" అన్న
సలోమి సిస్టర్ గొంతుతోని.
ఆ రోజు నల్లా వచ్చే రోజు గాదు.

డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లను
చెంబుతోని ముంచి ముంచి
సన్నగ, ధార తెగకుండ పోసిండు,
ఇన్నేండ్లు గడ్డలు పలగ్గొట్టిన మనిషి.
సంచిల ఐసు గడప మీదనే కరిగి
మెట్లు దిగి గల్లీల కలిసింది.

ఎంతసేపైందని అమ్మ అడిగింది.
గడియారం చూసుడు ఎవలకూ యాదికి లేదు.
నాయన చెంబు కింద పెట్టి
తిమ్మిరెక్కిన తన వేళ్లను
అమ్మ కాలని చేతిల పెట్టిండు.

"చేపల వాసన" అని గునిసింది అమ్మ.
చెయ్యి మాత్రం తియ్యలే.