దొడ్డిగోడ మీద రెండు కత్తులు

పందెం కాసింది గవీనా.
"నీ కత్తి జేబులో ఉన్నంతసేపే కత్తి, బకీజియో.
ఒక్క రాత్రి వానలో మరిచిపోయానా,
పొద్దుటికి మన్ను."

మా మేస్త్రీ నోరు విప్పలేదు.
బల్ల సొరుగులోంచి ఒక రెసోల్జా తీశాడు.
మిర్తిల్ ఆకులాంటి అలుగు,
పొట్టేలు కొమ్ము పిడి,
మెడకు ఇత్తడి ఉంగరం.
గవీనా తనదీ తీసింది,
ఒల్బియా రేవులో కొన్నది, తుప్పెరగని ఉక్కు.
ఎంత మెరుపంటే
అందులో నా ముక్కు పెద్దగా కనిపించింది.

రెండింటినీ సగం తెరిచి
ఆమె గొర్రెల దొడ్డిగోడకి, పడమటి వైపు,
గాలి మొదట తగిలే చోట
తీగతో కట్టాం.
ముట్టుకోరాదు. తుడవరాదు. నూనె చుక్క తగలరాదు.
ఏడాది గడువు.
ఓడినవాళ్ళు ఒక చక్రం జున్నో, ఒక కొత్త కత్తో.
రాసిపెట్టే పని నాకిచ్చారు.
అప్పటికి నాకు పదిహేడేళ్ళు,
పిడులు తోమడం తప్ప ఇంకేమీ చేతకాదు.

నవంబరు ఆరు. ఏమీ లేదు.
నవంబరు తొమ్మిది. వాన. మాదానికి మొన దగ్గర
నువ్వుగింజంత నారింజ చుక్క.
మేస్త్రీకి చెప్పలేదు.

డిసెంబరు. సముద్రం ఇక్కడికి ముప్పై మైళ్ళ దూరం.
అయినా మాయెస్త్రాలె గాలి కొట్టిన మర్నాడు
గోడరాయి నాలుకకి ఉప్పగా తగులుతుంది.
గొర్రెలకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు,
వరసగా నిలబడి నాకుతున్నాయి.

జనవరి. ఇత్తడి పచ్చబడింది.
కొమ్ము ఉబ్బి పొరలు విచ్చింది,
అంచున ఏదో పురుగు
తన లిపిలో ఒక వంకర గీత గీసుకుంది.
గవీనా కత్తి మీద పిట్ట రెట్ట. అంతే.

ఫిబ్రవరి పదకొండు. కొట్టివేత.

ఆ రాత్రి మంచు.
ఈనబోతున్న గొర్రె ఒకటి
గడ్డిమోపు తాడులో కాళ్ళు చిక్కించుకుని
గోడవార తన్నుకుంటోంది.
గవీనా చేతిలో లాంతరుంది, కత్తి లేదు.
తనదాని కోసమే చెయ్యి చాచిందట.
తెగిన తీగ కొస తగిలింది.
మెరిసేదాన్ని ఎవడో ఎప్పుడో ఎత్తుకెళ్ళాడు.
తుప్పుదాని జోలికి దొంగ కూడా పోలేదు.

అది తెరుచుకోదు, మూసుకోదు,
సగంలో బిగిసి కూర్చుంది.
కొడవలిలా పట్టి లాగింది.
తాడు తెగింది. పిల్ల బతికింది.
అలుగుని గొర్రె వీపుకేసి రెండుసార్లు రాసి
మళ్ళీ కట్టేసింది,
తప్పు చేసిన పిల్లలా.

వారానికి గానీ మాకు చెప్పలేదు.
"పరీక్ష చెడింది," అన్నాడు మేస్త్రీ.
"గాలికీ ఇనుముకీ మధ్య నీ చెయ్యెందుకొచ్చింది?"
"నీ గొర్రె అయితే తెలిసేది," అంది.

ఇక్కడ ఇంకో చిక్కు.
ఆ రోజు నుంచి తుప్పు ముందుకి కదల్లేదు.
ఉన్ని జిడ్డు మహిమ అని నేను రాశాను,
మేస్త్రీ ఆ వాక్యం కింద గీత గీసి
ప్రశ్నార్థకం పెట్టాడు.

గడువు తీరాక కత్తి ఇంటికొచ్చింది.
మూడు రోజులు ఆలివ్ నూనెలో నానింది,
పొయ్యి బూడిదతో రుద్దితే
అమ్మవారు పోసి తగ్గిన మొహంలా
గుంటలు గుంటలుగా బయటపడింది.
సానపడితే మాత్రం పదును నిలిచింది.
పిడి మారుస్తానన్నాడు ఆయన.
"పురుగు రాసింది ఉండనీ," అని
ఆమె జేబులో వేసుకుపోయింది.

సాయంత్రానికి మా గడప మీద జున్ను చక్రం ఉంది.
మేస్త్రీ అప్పటికే కొత్త కత్తి పట్టుకుని
ఆమె ఇంటి దారి పట్టాడు.
ఓడింది తామేనని ఇద్దరూ పట్టుబట్టి
నెల రోజులు మాట్లాడుకోలేదు.
నా పుస్తకంలో 'ఫలితం' అన్నచోట
ఇప్పటికీ ఖాళీ.

చాలా ఏళ్ళ తర్వాత
ఒజియేరి సంతలో ఒక పెద్దమనిషి
బ్రహ్మజెముడు పళ్ళు తొక్క తీస్తూ అమ్ముతున్నాడు.
వంగి చూశాను.
అలుగులో నా ముక్కు
మళ్ళీ పెద్దగా కనిపించింది.
అరడజను పళ్ళు కొన్నాను.
ఏమీ అనలేదు.