రెండు కొలతాళ్లు

బుఖారా కోటలో, అమీరుగారి కుట్టుగదిలో
ఉస్తాద్ ఖుదోయ్‌బెర్దీ సూదులకి దారం ఎక్కించేవాణ్ని.
పదకొండేళ్లవాణ్ని. చూపు చురుకు, అందుకే పెట్టుకున్నాడు.
నోరు లేదు, అందుకే ఉంచుకున్నాడు.

ఏటా నౌరోజ్‌కి ముందు కొత్త చపాన్‌కి కొలతలు.
మాకు ముందున్న దర్జీ ఒకే ఒక్క మాట పైకి అన్నాడట:
"ప్రభూ, నిరుటికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ."
అతని కత్తెర ఇంకా గోడకి వేలాడుతూనే ఉంది.
ఎవరూ తియ్యమనలేదు, ఎవరూ ఉంచమననూ లేదు.

మా ఉస్తాద్ బతకనేర్చినవాడు.
పొట్టని తగ్గించలేడు గనక గజాన్ని పెంచాడు.
మేకతోలు తాడుకి ముళ్లు ఎడంగా వేసి,
అమీరు నడుం చుట్టూ తిప్పి, కళ్లు పెద్దవి చేసి,
"పన్నెండేళ్లుగా వెంట్రుకవాసి మారలేదు ప్రభూ" అనేవాడు.
జానెడు పొట్ట కోసం అంటారే,
మా జానెడు పొట్టలన్నీ
ఆ బారెడు పొట్ట చుట్టూ తిరిగేవి.

అమీరు సన్నమని తేలాక
ఆయనకన్నా లావుండటం నేరమైంది.
ఖజానాదారు మీర్జా గుల్యామ్
కడుపుకి ఆరు మూరల గుడ్డ బిగించుకుని దర్బారుకొచ్చి
కవిగారి మూడో చరణం దగ్గర మూర్ఛపోయాడు.
పద్యం గొప్పతనమే అన్నారంతా.
కవిగారు కూడా నమ్మాడు.

ఆ ఖజానాదారే ఓ రోజు మా తాడు చూసి మురిసిపోయాడు.
"ఇకనుంచి బజారులో ఇదే గజం."
పట్టు తెచ్చిన రుఖ్సోరా చాచీ
"ఇంట్లో పది గజాలు నాయనా,
కోట గడప దాటేసరికి ఎనిమిదిన్నరా?" అంది.
నన్నే అడిగింది.
నేను సూది బెజ్జంలోంచి ఆకాశం చూశాను.

ఆ వేసవిలో రష్యా నుంచి ఓ జనరల్ వచ్చాడు, తాటిచెట్టంత మనిషి.
అతను వెళ్లగానే అమీరు నిలువునా నిలబడి
"నా ఎత్తెంతో చూడు" అన్నాడు.
ఉస్తాద్ చెయ్యి చేతిలోనే ఆగింది.
పొట్టని తగ్గించిన తాడు మనిషినీ కుదించదూ!
చెమట గడ్డం చివర వేలాడింది.
"శుభఘడియ చూసి కొలుద్దాం ప్రభూ" అన్నాడు.
ఆ రాత్రే ముళ్లు దగ్గర దగ్గరగా వేసి
ఇంకో తాడు పేనాం.

అప్పట్నుంచీ ఎడమ చేతి చొక్కాలో నడుం తాడు,
కుడి చేతి చొక్కాలో ఎత్తు తాడు.
నిద్రలో కూడా నా చేతులు
కుడీ ఎడమా అప్పజెప్పుకునేవి.

చలికాలం ఓ అర్ధరాత్రి పిలుపొచ్చింది.
దీపం నా చేతిలో.
అమీరు తనంతట తానే చపాన్ విప్పేసి
లోచొక్కాతో నిలబడ్డాడు, హకీం ముందు రోగిలా.
"ఎవరూ లేరు. ఈ ఒక్కసారీ నిజం చెప్పు. ఎంత?"

అది ప్రశ్నో, ఉచ్చో
ఈనాటికీ నాకు తెలీదు.
ఉస్తాద్ చెయ్యి ఎడమకి పోయింది, కుడికి పోయింది,
ఖాళీగా తిరిగొచ్చింది.
అసలు తాడు పొయ్యిలో పడి ఎన్నేళ్లయిందో!
"మినారు ప్రభూ," అన్నాడు చివరికి, "మినారులా ఉన్నారు."

కోపం రాలేదు అమీరుకి.
దీపం వంక చాలాసేపు చూశాడు.
చపాన్ మళ్లీ తొడుక్కుంటుంటే
ఓ చెయ్యి దారి తప్పింది,
సాయం చెయ్యడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు నేను ఓష్ బజారులో టోపీలు కుడతాను.
తాడు వాడను, నా జానే నా గజం.
తలకి అబద్ధం చెబితే టోపీ ఊరుకోదు,
గాలికి ఎగిరైనా పోతుంది, చెవుల మీదకైనా జారుతుంది.
ఇక్కడ అమీరూ లేడు, గోడకి కత్తెరా లేదు.
అయినా ఎవరైనా కాస్త బరువైన షావుకారు
గుర్రం దిగి తల వంచితే చాలు,
వేళ్లు విప్పకముందే నా నోరు అనేస్తుంది:
"పోయినేడాది కొలతే హుజూర్. వెంట్రుకవాసి మారలేదు."