తప్పొప్పుల పట్టిక

పర్లాకిమిడిలో మహేంద్రతనయ వంతెన దిగగానే
సైకిల్ షాపు మేడ మీద మా ఆఫీసు.
ఆఫీసంటే ఒక బల్ల, ఒక స్టేప్లరు,
పాత పంచె ఒకటి.
రాత్రి దాన్నే తెరలా కట్టి, బల్బు వెలిగించి
చిమ్మటల కోసం కూర్చుంటాం.

పత్రిక పేరు రాత్రిరెక్క.
ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా.
ఏడాదికి నాలుగు సంచికలని అట్ట మీద ఉంటుంది,
మూడు వస్తే ఆ ఏడు బాగా గడిచినట్టు.
అరవై ఒక్క చిరునామాలు.
చేత్తో రాసేదీ నేనే, బిళ్లలు తడిపేదీ నేనే.
బీరువాలో పాత సంచికల్ని పురుగు తింటోంది,
మా గురించి రాసినవి మేం చదువుకోకూడదా అన్నట్టు.

డిల్లేసు చేరాక ఫోన్లో గుంపు పెట్టాడు.
రెండు వందల పద్నాలుగు మంది.
గండాహతి దారిలో తోకలున్న పచ్చ చిమ్మట వాలితే
అది రెక్క సర్దుకునేలోగా పేరొచ్చింది,
పేరు వెనకే నలభై బొటనవేళ్లు.
తెల్లారేసరికి దాని మీద
ఎవరిదో పుట్టినరోజు కేకు, ఎవరిదో గృహప్రవేశం కార్డు.
ఆ కింద ఎక్కడో అది, రెక్కలు చాచుకునే, ఊపిరాడక.

"ఇంకా ఈ కాయితాలేటి మేడమ్?" అన్నాడు.
కోపం రాలేదంటే అబద్ధం.
వాళ్లు తప్పు రాస్తే వేలితో నొక్కి చెరిపేస్తారు.
నా తప్పు అరవై ఒక్క ఇళ్లలో
మూడు నెలలు కాపురం ఉంటుంది,
వచ్చే సంచికలో నేనే పేరు పెట్టి పిలిచి ఒప్పుకోవాలి.
ఆ నెల అలాంటివి ఏడు.

ఒక ఆదివారం బీరువా దులుపుతుంటే
తొంభై ఎనిమిది, శ్రావణం సంచిక.
చివరి పేజీలో పెన్సిలు బొమ్మ.
కింద ఒడియాలో రెండు వాక్యాలు:
సెరంగో హాస్టల్ వంటగది గోడ మీద కనిపించింది.
దీన్నేమంటారో తెలిసినవాళ్లు రాయండి.
పంపినది సొంబారి గొమాంగో, వంటమనిషి.

ఎవరూ రాయలేదు.
ఇరవై ఆరేళ్లు ఆ ప్రశ్న అక్కడే కూర్చుంది,
పగలంతా గోడకి అంటుకున్న చిమ్మటలా,
ఎండకి బెదరకుండా.
పురుగు కూడా ఆ మూల వదిలేసి తింది.

డిల్లేసు చూశాడు. ఏమీ అనలేదు.
ఫోన్ తీసి బొమ్మను ఫోటో తీశాడు.
టీ చల్లారకముందే జోర్హాట్ నుంచి ఎవరో ఒకావిడ
పేరు చెప్పింది, తినే ఆకు చెప్పింది,
గీసిన చేతికి దండం పెట్టమంది.

సెరంగో ఘాటీ ఎక్కితే సిగ్నల్ నిలవదు.
సొంబారికి ఫోనుంది, పాటలు వినడానికి.
అందుకని జవాబు మళ్లీ కాగితం మీదికే దిగాలి.
కుడి పేజీలో, తప్పొప్పుల పట్టిక కింద
డిల్లేసే కూర్చుని ఒడియా అక్షరాలు దిద్దాడు,
గుండ్రాలన్నీ ఒక్కలాగే ఉన్నాయని తిట్టుకుంటూ.
అరవై రెండో చిరునామా వాడే రాశాడు.
బిళ్ల మాత్రం వంకరగా అంటించాడు.

దసరా వెళ్లాక ఒక కవరు వచ్చింది.
మా పేజీనే చింపి వెనక్కి పంపింది.
జవాబు మీద అడ్డంగా పెన్సిలు గీత.
'ఇది కాదు.
మీరు చెప్పినదానికి కింది రెక్క మీద కన్ను ఉంటుంది.
నా దానికి లేదు. నేను వంట చేస్తూ చూశాను,
పరుగెత్తుతూ కాదు.
పోయిన వారం మళ్లీ వచ్చింది. అదే గోడ.'
కింద కొత్త బొమ్మ,
ఈసారి నాలుగు రెక్కలూ విప్పి.

ఇద్దరం చాలాసేపు చూశాం.
జోర్హాట్ ఆవిడకి పంపడానికి వాడు ఫోన్ తీశాడు.
నేను స్కేలు తీసి
వచ్చే సంచిక చివరి పేజీలో
బొమ్మకి చోటు కొలుస్తున్నాను.

"పంచె కట్టెయ్యండి మేడమ్,
సీకటి పడిపోతంది."