మూడు కిలోల రెండొందలు

గ్రిమ్స్‌బీలో, రేవుకి వెళ్లే రోడ్డు మీద
నా లాండ్రీ వెనక గుమ్మంలో
ఎవరో వదిలేసిన చేపల పెట్టె.
గురువారం, ఇంకా తెల్లవారలేదు.
పెట్టెలో తడి తువ్వాలు,
తువ్వాల్లో ఒక గురక.

ముందు గురక దొరికింది.
కుక్కపిల్ల తర్వాత.

ముడత, ముడతలో ఇంకో ముడత,
ఇస్త్రీకి లొంగని మొహం.
ఇరవై ఆరేళ్లు ఊరి బట్టలన్నీ సాపు చేసినదాన్ని,
దీన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక
సర్వీస్ వాష్ తూకం మీద పెట్టాను.
అలవాటు.
మూడు కిలోల రెండొందలు.
ఒక దుప్పటి, రెండు పరుపు గుడ్డల బరువు.

"బుల్‌డాగ్," అన్నాడు క్లిఫ్.
ఒకప్పుడు ఐస్‌లాండ్ నీళ్లలో వలలు లాగిన చేతులు,
ఇప్పుడు వారానికొక చొక్కా ఉతికించుకుని
గంటసేపు కూర్చుని పోయే మనిషి.
"అమ్మితే రెండు వేల పౌండ్లు."
"రెండు వేలు పలికేదాన్ని పెట్టెలో పారేస్తారా?"
"పలకనిదాన్ని పారేస్తారు, మ్యూరియెల్."

పశువుల డాక్టరు అగ్నీష్కా ముక్కుసూటి మనిషి.
దీనికేమో సూటిగా ఉండటానికి ముక్కే లేదు.
రెండు సన్నటి కాజాలు మాత్రం,
గుండీ కూడా దూరనంతవి.
"ఇవి కోసి వెడల్పు చేయాలి.
గొంతులో వేలాడే కండ కత్తిరించాలి.
ముడతలు రోజూ తుడవాలి, పుళ్లు పడతాయి.
ఎండలో నడిపించకు.
మెట్లెక్కించకు. లావెక్కనివ్వకు."
ఇన్సూరెన్స్ ఉండదా అన్నాను.
ఉంటుందట,
ఊపిరికి తప్ప మిగతా అన్నిటికీ.

రెండు వేల నాలుగొందలు.
ఒక ఉతుకు నాలుగు పౌండ్లు.
ఆరు వందల ఉతుకులు, సబ్బూ కరెంటూ నేను తింటే.
కాఫీ డబ్బాలో ఉన్నది
మూడో నంబరు డ్రయ్యరు బాగుచేయించుకునే డబ్బు,
రెండేళ్లుగా మూత తీసి లెక్కపెట్టి మూసేస్తున్నది.

కౌన్సిల్‌కి చెప్పాను.
ఏడు రోజులు చూశారు, ఎవరూ రాలేదు.
ఆ ఏడు రాత్రులూ
నా మంచం పక్కన అది ముక్కుతూ మూలుగుతూ పడుకుంది,
నేను లెక్కలు వేస్తూ.
ఒక రాత్రి గురక ఆగింది.
లేచి కూర్చున్నాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఆరు దగ్గర మళ్లీ మొదలైంది.
నా ఊపిరి కూడా.

ఎవరో ఎక్కడో ఈ మొహం బాగుందన్నారు.
బాగుందన్నందుకు తరతరాలూ
ఇంకాస్త నొక్కారు, ఇంకాస్త నొక్కారు.
ముద్దు మనది, వాయిదాలు దానివి.
ఇప్పుడు చూసి నవ్వొచ్చినప్పుడల్లా
నోరు మూసుకుంటున్నాను.
అయినా నవ్వొస్తుంది. ఏం చేయను,
నాలుక లోపల పెట్టుకోవడం మర్చిపోయి నిద్రపోతుంది.

ఎనిమిదో రోజు రసీదు పుస్తకం తీశాను.
బరువు గడిలో బరువు రాశాను.
పట్టుకెళ్లే తేదీ గడి దగ్గర
కలం చాలాసేపు ఆగింది.
క్లిఫ్ తల వంచి చూశాడు,
ఏమీ అనలేదు,
చొక్కా తీసుకోవడం మర్చిపోయి వెళ్లాడు.

ఆపరేషన్ మార్చిలో.
డబ్బా ఖాళీ.
మూడో నంబరు తలుపు ఊడదీసి
లోపల పాత దుప్పటి పరిచాను.
అది అందులోనే పడుకుంటోంది.
డ్రమ్ములో గురక గింగిరాలు కొడుతుంటే
కొత్తగా వచ్చినవాళ్లు మిషను నడుస్తోందనుకుని
చిల్లర వేస్తున్నారు.
పిలిచి తిరిగి ఇచ్చేస్తున్నాను.

కొందరు లోపలికి తొంగి చూసి
వద్దంటున్నారు.