మెరుపు బిళ్ళ

నలభై కుర్చీలు వెయ్యమన్నారు.
నలభై రెండు వేశాను.
ఈ ఊళ్ళో ఎవరూ మొదటి వరసలో కూచోరు,
సన్మానం తమకే అయినా.

కయాని పట్నం, జనవరి, సాయంత్రం నాలుగు.
బయట అప్పుడే అర్ధరాత్రి రంగు.
నది మీద మంచు ఉండుండి పెళపెళమంటోంది.
లైబ్రరీ కింది హాల్లో కాఫీ మరుగుతోంది,
యాలకుల బన్నులు తెల్లబట్ట కింద
ముసుగుతన్ని పడుకున్నాయి.
ఇప్పుడీ హాలు తాళాలు నా దగ్గరుంటాయి.
ఏడేళ్ళ కిందట ఇదే హాల్లో
నోరు లేనివాడిలా కూచున్నాను.

ఒక్కొక్కరికీ ఒక గులాబీ, ఒక కాగితం ఇస్తారట.
కాగితం మీద "నిస్వార్థ సేవ" అని అచ్చేశారు.
నాకు తెలిసినవి అందులో పట్టవు.

తౌనో కెంప్పయినెన్, దుంగల లారీ నడిపినవాడు.
నా పర్మిట్ కోసం ఊలు దాకా
నూట ఎనభై కిలోమీటర్లు, మంచు తుఫానులో,
మూడే మూడు మాటలు మాట్లాడాడు.
"బెల్టు."
"రెయిన్‌డీర్."
"వచ్చేశాం."
ఆఫీసు వరసలో నాలుగు గంటలు నా పక్కన నిలబడ్డాడు,
ఒక్క ప్రశ్న వెయ్యకుండా.
అంతకుముందు ఏడాదంతా
నన్ను అందరూ అడుగుతూనే ఉన్నారు.

యూసో, అప్పటికి పదిహేనేళ్ళవాడు.
మా దిమా ముందు స్కేట్ల మీద
వెనక్కి వెనక్కి నడిచాడు శీతాకాలమంతా,
చేతులు చాచి, పట్టుకోకుండా.
ఇవాళ రాలేదు, ఎక్కడో పెద్ద ఊళ్ళో చదువు.
ఒక గులాబీ మిగులుతుంది.

ఇంక హిల్క రాతికైనెన్.
ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్ళు అలిసిన చేతులతో,
బుధవారం బుధవారం, ఐదింటికి,
మాకు వాళ్ళ భాషని పురుడు పోసింది.
ఇల్లంటే తలొ.
తలొస్సా, ఇంట్లో.
తలొస్తా, ఇంట్లోంచి.
తలోన్, ఇంట్లోకి.
నేను మధ్యదాని దగ్గరే ఆగిపోయేవాణ్ణి.
ఇంట్లోంచి. ఇంట్లోంచి. ఇంట్లోంచి.
ఆవిడ తొందరపెట్టలేదు. ఇంకో కప్పు కాఫీ పోసింది.

ఒప్పుకోవాలి, ఒకసారి కసిరాను.
కూరగాయల కొట్లో తూకం మీటలు చూపిస్తోంది,
ఏ ఉల్లిపాయకి ఏ అంకె నొక్కాలో.
"మోసుల్లో సగం ఊరికి నీళ్ళిచ్చిన ఇంజనీర్ని,
ఉల్లిపాయలు కొనడం నాకు తెలుసు" అన్నాను,
సగం తన భాషలో, సగం నా భాషలో.
మెల్లిగా తలూపి వెళ్ళిపోయింది.
ఇంక రాదనుకున్నాను.
బుధవారం ఐదుకి పది నిమిషాలుండగానే వచ్చింది.

ఆరోజే నా కోటుకి ఈ మెరుపు బిళ్ళ వేలాడదీసింది.
చీకట్లో కారు దీపం పడితే తళుక్కుమంటుంది.
"డ్రైవర్లకి నువ్వు కనపడాలి" అంది.
నేను కనపడాలని ఒకరు అని
ఎన్నాళ్ళయిందో!

మేయరు మాట్లాడింది. చప్పట్లు కొట్టాం.
తౌనో గులాబీని పానా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు,
ఫొటోకి పిలిచేలోపే లేచి కుర్చీ మడిచాడు.
అది చూసి మిగతావాళ్ళూ లేచారు,
తలో కుర్చీ అందుకున్నారు.
నేను రాసుకొచ్చిన నాలుగు ముక్కలు
జేబులోనే నలిగాయి.

కోట్లు అందిస్తుంటే చూశాను,
హిల్క కోటుకి బిళ్ళ లేదు.
పిన్ను మటుకు ఉంది, తెగిన దారంతో.
మొన్న బురుండీ నించి దిగిన పిల్లాడి బడి సంచికి
కొత్త బిళ్ళ ఊగటం నేను చూశాను,
ఎవరిదో అనుకున్నాను.

నాది తీశాను.
ఆవిడ అటు తిరిగి టోపీ సవరించుకుంటుంటే
జేబు పక్కన తగిలించేశాను, దొంగలా.

కిటికీ దగ్గర నిలబడ్డాను.
ఒక చేతిలో గులాబీ,
నిస్వార్థ సేవని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని
ఆవిడ రోడ్డు దాటుతోంది.
మలుపులో లారీ.
మోకాలెత్తున చిన్న మెరుపు.
లారీ ఆగింది.

మిగిలిన గులాబీని గ్లాసులో పెట్టాను.
దీపాలార్పి, తాళం వేసి,
బిళ్ళ లేని కోటుతో, గోడవారగా నడుస్తూ
తలోన్.